వినికిడి పాఠం

తార్నాకలో మా అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఒక రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్‌గారు ఉంటారు. జూనియర్ కాలేజీల్లో ఏళ్ల తరబడి పాఠం చెప్పిన మనిషి. "ఇఫ్లూ యూనివర్సిటీ మనకు కూతవేటు దూరం. 1958 నుంచి దేశం నలుమూలల టీచర్లు ఇక్కడికొచ్చి ఇంగ్లీషు బోధన నేర్చుకుని పోతున్నారు. పక్క బస్తీ పిల్లలకు మాత్రం నాలుగు ముక్కలు రావు" అని బాధపడేవారు.

వాళ్లింట్లో పనిచేసే ఆమెకు ఒక్కతే కూతురు. నాగర్‌కర్నూల్ వైపు నుంచి బతుకుదెరువు కోసం వచ్చిన కుటుంబం. 2022-23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం పెట్టినప్పుడు ఆ పిల్ల ఏడో తరగతి. ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లీషులో అచ్చేసిన పుస్తకాలు ఇచ్చారు. తెలుగు పేజీ గడగడా చదివేది, ఇంగ్లీషు పేజీ వైపు చూడాలంటేనే బెదిరేది. బడి వదలగానే తల్లి దగ్గరికి వచ్చి, పని అయ్యేదాకా వంటింటి గుమ్మం పక్కన కూర్చునేది.

లెక్చరర్‌గారు ఆ పిల్లను చేరదీశారు. "బళ్లో ఇంగ్లీషు రోజుకో పీరియడ్. మిగతా రోజంతా బయటే కదమ్మా, అక్కడే రావాలి భాష" అని తాను చదివేసిన హిందూ పేపరు చేతికిచ్చారు. ముందు ఆటల పేజీ చదవమన్నారు. ఆడిన మ్యాచ్ సంగతి ఎలాగూ తెలుసు కాబట్టి తెలియని మాటకు అర్థం దానంతటదే తోస్తుందని చెప్పారు. లోలోపల కాదు, పైకి చదవమన్నారు. తెలుగువాళ్లం మాట చివర అచ్చు చేర్చి 'బస్సు', 'బుక్కు' అంటాం కాబట్టి, రేడియోలో ఇంగ్లీషు వార్తలు విని వాళ్లు ఎక్కడ ఆపుతున్నారో పట్టుకోమన్నారు. "ముందు చెవి నేర్చుకోవాలి, నోరు దాని వెనకాలే వస్తుంది" అనేవారు.

ఆయన భార్య మేడమ్‌గారు నార్మన్ లూయిస్ రాసిన 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' ఇచ్చారు. అమెరికా నుంచి వచ్చిన కొడుకు తన పాత ఫోన్ ఇచ్చి, కింద అక్షరాలు పడుతుంటే ఇంగ్లీషు సినిమాలు ఎలా చూడాలో నేర్పాడు. ప్రతి సర్కారు బడి పిల్లకూ ఇలాంటి ఇల్లు ఒకటి దొరికితే ఎంత బాగుండు అనుకునేదాన్ని.

పిల్ల ఎదగడం నా కళ్లతో చూశాను. పాఠాల్లో లేని మాటలు అడిగేది. "సార్, డిడక్ట్ అంటే ఏంది?" అని ఒకసారి. "రావలసిన డబ్బులో కోత పెట్టడం" అని ఓపిగ్గా చెప్పారాయన. ఇంకోసారి 'సస్పెక్ట్'. మరోసారి 'రీప్లేస్'. "చూశారా, పేపరు ఎంత శ్రద్ధగా చదువుతోందో!" అని నాతో మురిసిపోయారు.

తొమ్మిదో తరగతిలో ఉండగా రిపబ్లిక్ డే నాడు మా సెల్లార్‌లో ఆ పిల్ల ఇంగ్లీషులో ప్రసంగించింది. చేతిలో కాగితం లేదు, ఎక్కడా తడబాటు లేదు. రాజ్యాంగం తనలాంటి పిల్లకు ఏమిచ్చిందో చెబుతుంటే కాన్వెంటు పిల్లలు కూడా నోరెత్తకుండా విన్నారు. వెనక వరుసలో నిలబడ్డ తల్లికి ఒక్క మాటా అర్థం కాకపోయినా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆ సాయంత్రం లెక్చరర్‌గారింట్లో టీకి పిలిచారు. పిల్లను సోఫాలో తమ మధ్య కూర్చోబెట్టుకున్నారు.

"పేపరు పైకి చదవడం వల్లే ఈ ధారాళం" అన్నారు లెక్చరర్‌గారు.

"మాటల నిధి మాత్రం నా పుస్తకానిదే" అన్నారు మేడమ్‌గారు.

"నా ఫోన్‌ని మర్చిపోకండి" అని వీడియో కాల్‌లోంచి కొడుకు.

అందరం నవ్వాం. లెక్చరర్‌గారు పిల్ల తల మీద చెయ్యి వేసి, "నువ్వే చెప్పమ్మా. మిగతా పిల్లలకూ చెబుదాం. బడి బయట నీకు ఇంత ఇంగ్లీషు ఎలా వచ్చింది?" అని అడిగారు.

పిల్ల వంటింటి వైపు చూసింది. తల్లి టీ కప్పులు కడుగుతోంది.

"అన్నీ పనికొచ్చినయి సార్. కని నాకు మొదలు చెవి పడ్డది మీ ఇంట్లనే. మీరు మాతోని తెలుగులనే మాట్లాడ్తరు. మా అమ్మ గురించి మాట్లాడుకునేటప్పుడే ఇంగ్లీషుల మాట్లాడ్తరు. ఏమంటున్నరో తెల్సుకుందామని నేర్చుకున్న సార్."