తడ రోనిన్

మా మామ నోట్లో పగలంతా ఒక వేపపుల్ల ఉంటుంది. పళ్లు తోముకోడానికి కాదు, 1961లో వచ్చిన జపాన్ సినిమా 'యోజింబో'లో తొషిరో మిఫునే నోట్లో పుల్ల ఉంది కాబట్టి. ఆ సినిమా మొదట్లో మిఫునే దారులు చీలే చోట ఒక కర్ర పైకి ఎగరేస్తాడు. అది ఎటు పడితే అటు నడిచిపోతాడు. మామ కూడా తడ కూడలిలో నిలబడి పుల్ల ఎగరేశాడు. ఒక దారి శ్రీకాళహస్తికి, ఒకటి సూళ్లూరుపేటకి, ఇంకొకటి చెన్నైకి. ఏ దారిన పోయినా ఏదో ఒక పని దొరుకుతుంది. పుల్ల మాత్రం ఎన్నిసార్లు ఎగరేసినా ఇంటివైపే పడింది. అప్పటికి అత్త చేపల పులుసు దించే వేళయింది.

మామ తనను తాను రోనిన్ అని చెప్పుకుంటాడు. రోనిన్ అంటే యజమాని లేని సమురాయ్. జపాన్‌లో పదిహేడో శతాబ్దంలో యుద్ధాలు సద్దుమణిగాక, కత్తి తిప్పడం తప్ప వేరే పని రాని వాళ్లు బోలెడుమంది రోడ్డున పడ్డారు. మామకు యుద్ధాలు లేవు గానీ చెక్‌పోస్టు ఉండేది. భీమునివారిపాళెం దగ్గర హైవే పొడుగునా లారీలు బారులు తీరేవి. డ్రైవర్లకు పన్ను కాగితాలు నింపిపెట్టడం మామ పని. సరుకేందో హిందీలో చెప్పినా, అరవంలో చెప్పినా, తలెత్తకుండా రెండు నిమిషాల్లో కాగితం చేతిలో పెట్టేవాడు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. వాణిజ్య పన్నుల చెక్‌పోస్టు పోయింది. లారీలు ఆగకుండా సాగిపోవడం మొదలెట్టాయి. మామ పెన్ను జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి, చెన్నై బర్మా బజారులో ఎప్పుడో కొన్న డిస్కు దుమ్ము దులిపాడు.

ఏడుగురు హీరోలుంటే ఎన్ని ఫైట్లుంటాయో అనుకుని కొన్న డిస్కు అది. కురొసావా తీసిన 'సెవెన్ సమురాయ్', 1954 నాటిది. మొదటిసారి చూసినప్పుడు మామ అరగంటలో గురక పెట్టాడు. పని పోయాక చూసినప్పుడు మాత్రం మూడు గంటల ఇరవై ఏడు నిమిషాలూ కదల్లేదు. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయినా చీకట్లో అట్లాగే కూర్చున్నాడట.

కథ తెలియని వాళ్లకు ఒక్క ముక్క. పంట చేతికి రాగానే దొంగలొచ్చి దోచుకుపోయే ఊరొకటి. రైతుల దగ్గర డబ్బు లేదు. తాము తక్కువ రకం గింజలు తింటూ, సమురాయ్‌లకు మాత్రం మూడు పూటలా వరన్నం పెడతామన్నారు. ఆ అన్నానికే ఏడుగురు వచ్చి ప్రాణాలొడ్డారు.

"మన మొలగొలుకులు పెడతామని ఉంటే ఏడుగురేంది అల్లుడూ, డెబ్బైమంది వొచ్చేవోళ్లు" అన్నాడు మామ.

వంటింట్లోంచి అత్త గొంతు వినపడింది. "అన్నం పెట్టినందుకే ఊరు కాచినారంట వాళ్లు. నేను ఇరవై రెండేళ్లుగా మూడు పూటలా పెడతా ఉండా. పెరట్లోకొచ్చే పందిని తోలమంటే ఒక్కనాడన్నా లేచినావా?"

మామ కళ్లు మూసుకున్నాడు. సమురాయ్ మౌనం అన్నమాట.

ఆ ఏడుగురి నాయకుడిగా వేసింది తకాషి షిమురా. పసిబిడ్డను పట్టుకుపోయిన దొంగను నమ్మించడానికి సన్యాసి వేషం వేస్తాడు, అందుకోసం గుండు చేయించుకుంటాడు. అక్కణ్ణించి సినిమా అంతా ఆ గుండు నిమురుకుంటూనే ఉంటాడు. మామ తిరుమల వెళ్లి తలనీలాలిచ్చి వచ్చాక నెల రోజులు అదే పని. పాల లెక్క అడిగితే గుండు నిమురుతాడు. గ్యాసు అయిపోయిందంటే మళ్లీ నిమురుతాడు. జుట్టు మొలిచాకే ఇంట్లో పనులు కదిలాయి.

మామకు అసలు ప్రాణం మిఫునే వేసిన కికుచియో. వాడు సమురాయ్ కాడు, రైతు బిడ్డ. ఎవరిదో వంశవృక్షం తెచ్చి తనదని చూపిస్తాడు. లెక్కేస్తే అందులో ఉన్నవాడికి పదమూడేళ్లు! మామ కూడా మా ముత్తాతలు వెంకటగిరి సంస్థానంలో కత్తులు మోశారని చెబుతుంటాడు. మోసింది వడ్ల మూటలని అత్త అంటుంది. వంశవృక్షం మాత్రం ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు.

ఒకసారి నోరు జారాను. "ఏడుగురిలో నలుగురు పోయారు కదా మామా, నలుగురూ తుపాకీకే పోయారు. కత్తికి ఒక్కడూ పోలేదు" అన్నాను. వాళ్లలో కత్తిలో మొనగాడు క్యూజో. వాణ్ణీ తుపాకీ గుండే కొట్టింది. మామ పుల్ల తీసి చేతిలో పెట్టుకున్నాడు. చాలాసేపటికి, "జీఎస్టీ కూడా అంతే అల్లుడూ. ఎదురుగా వొచ్చుంటే చూసుకుని ఉందును" అన్నాడు. ఆ రోజు నేను ఇంకేమీ అడగలేదు.

పక్కనే శ్రీసిటీ. ఇసుజు 2016లో అక్కడ బండ్లు చేయడం మొదలెట్టింది. ఇంకా చాలా జపాన్ కంపెనీలు ఉన్నాయి. ఒకరోజు హైవే పక్క టీకొట్టు దగ్గర మామకు నిజం జపాన్ కుర్రాడు దొరికాడు. మామ వంగి దండం పెట్టాడు. ఆ పిల్లాడూ వంగాడు. మామ ఇంకాస్త వంగాడు, అతనూ వంగాడు. టీలు చల్లారిపోయాయి. కొట్టువాడు ఏదో పడిపోయిందేమోనని బల్ల కిందికి వంగి వెతికాడు. చివరికి మామ నడుం పట్టుకుని లేచి, "మిఫునే?" అన్నాడు. కుర్రాడు ఆలోచించి, "గ్రాండ్‌ఫాదర్!" అన్నాడు నవ్వుతూ.

మిఫునే మనవడు తడలో టీ తాగుతున్నాడని గంటలో ఊరంతా తెలిసింది. సెల్ఫీల కోసం పది మంది చేరారు. చేరాక తేలిందేమంటే, మిఫునే సినిమాలు చూసేది ఆ అబ్బాయి వాళ్ల తాత. ఇతను చూసింది 'ఆర్ఆర్ఆర్'. జపాన్‌లో 2022 అక్టోబరులో విడుదలయ్యాక మూడుసార్లు చూశాడట. అక్కడే కాలెగరేసి 'నాటు నాటు' స్టెప్పు కూడా వేశాడు. జనం ఈలలు కొట్టారు. మామ టీ డబ్బులు ఇద్దరివీ ఇచ్చి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి నడిచాడు.

ఇప్పుడు మామకు ఒక్కటే కోరిక. సూళ్లూరుపేట దగ్గర 2019లో 'సాహో'తో మొదలైన పెద్ద తెర థియేటరు ఉంది కదా, దానిమీద 'సెవెన్ సమురాయ్' చివరి యుద్ధం చూడాలట, ఆ వానలో, ఆ బురదలో. "పులికాట్ మీద తుపానొచ్చినట్టుంటది అల్లుడూ" అంటాడు. టిక్కెట్టు డబ్బులు విడిగా దాచాడు. అత్తకు తెలుసు.

మీరు చెన్నై పోతూ తడలో టీకి ఆగితే, నోట్లో పుల్లతో గడ్డం గోక్కుంటూ నిలబడిన మనిషి కనపడతాడు. దారి అడగండి, టైము అడగండి, పర్వాలేదు. జపాన్ మాట మాత్రం ఎత్తకండి. మూడు గంటల ఇరవై ఏడు నిమిషాలు పడుతుంది.