ఎక్సెల్‌లో తిరిగే లేత్

మిషన్ సామర్థ్యం చెప్పే సీపీకే 1.67 చూపిస్తేనే ఆర్డరని కస్టమర్ నుంచి సాయంత్రం ఐదింటికి మెయిలొచ్చింది. ఆరున్నరకల్లా 1.71 వెళ్లిపోయింది. ఈ మధ్యలో లేత్ ఆన్ చేసిన పాపాన ఎవరూ పోలేదు. హైదరాబాద్ బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో ఈ విద్య తెలిసినవాళ్లకి కొదవలేదు.

లెక్క చిన్నదే. డ్రాయింగ్ ఇచ్చిన జాగాలో మిషన్ చెదురు పడుతుందా లేదా? 25 మిల్లీమీటర్ల షాఫ్టుకి హెచ్7 టాలరెన్స్ అన్నారంటే 24.979కీ 25.000కీ మధ్య ఉండాలి. జాగా 21 మైక్రాన్లు. మిషన్ చెదురుని కొలిచే సిగ్మా 5 మైక్రాన్లనుకోండి, ఆరు సిగ్మాలు కలిపి 30. జాగాని దాంతో భాగిస్తే సీపీ: 0.7. గురి నడిమధ్యన పెట్టినా నూటికి మూడు నాలుగు షాఫ్టులు గీత దాటతాయి. 1.67 రావాలంటే సిగ్మా 2.1కి దిగాలి. బేరింగులరిగిన లేత్ దిగమంటే దిగదు. ఎక్సెల్ గడి చెప్పినమాట వింటుంది.

గురైనా మధ్యన ఉంటుందా? షాఫ్టు లావైతే ఇంకో కోత వేసుకోవచ్చు, సన్నమైతే స్క్రాపు. తిట్లు తినేది ఆపరేటర్. అందుకే ఆఫ్‌సెట్‌ని ఎప్పుడూ 25.000 వైపే నెట్టి ఉంచుతాడు. సీపీకే గురి తప్పడాన్ని కూడా లెక్కేస్తుంది; సీపీ బాగున్నా అది కూలిపోయేది ఇక్కడే. అతణ్ని నిలదీసేముందు, స్క్రాపుకి జీతం కోసే మేనేజర్ని పిలవండి.

ఇక కొలత. 21 మైక్రాన్ల జాగా చూడ్డానికి చేతికిచ్చింది 10 మైక్రాన్లకో గీత ఉన్న మైక్రోమీటరు. అందులో పడేవి మూడే అంకెలు: 24.98, 24.99, 25.00. మరి రిపోర్టులో 24.9887 ఎక్కణ్నుంచి ఊడిపడిందని అడిగే ఆడిటర్ ఇంకా పుట్టలేదు. పుట్టినవాడికి బిర్యానీ పెట్టి పంపించేశారు. రిజిస్టర్ చూడండి: గంటగంటకీ తీయాల్సిన రీడింగులన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలులో, షిఫ్టయ్యాక తీరిగ్గా కూర్చుని రాసినవే. పన్నెండింటికి కరెంటు పోయినా పన్నెండింటి రీడింగు మాత్రం ఉంటుంది.

1924లో కంట్రోల్ చార్ట్ గీసిన అమెరికన్ గణాంక నిపుణుడు షూహార్ట్ కోరింది ముందు నిలకడ. ప్రాసెస్ నిలకడగా ఉంటేనే దాని సామర్థ్యానికి అర్థం. మన గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పిలిస్తే ఆయన 1947-48లో మన దేశానికీ వచ్చారు. ఇప్పుడొస్తే చార్టుల నిండా నిలకడే కనిపించి మురిసిపోయేవారు. మన సర్టిఫికెట్ల తయారీ ప్రాసెస్‌కి సీపీకే ఎప్పుడూ రెండుకి తగ్గదు.

ఇంతకీ ఆ హెచ్7 ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. పాత డ్రాయింగులో ఉంది, డిజైనర్ దించేశాడు. ఆ షాఫ్టు కొసకి తొడిగేది రబ్బరు గొట్టం. అర మిల్లీమీటరు అటూఇటూ అయినా కొంపలంటుకోవు. కాస్త సడలించండి సార్ అంటే, క్వాలిటీలో రాజీపడే ప్రసక్తే లేదని ప్రింటు తీయించి గోడకి అంటించారు.