తన్నని బంతికి పదిమంది గురువులు

అమెరికా విశ్వవిద్యాలయాల్లో బంతిని ఎక్కువసేపు చంకన పెట్టుకొని పరుగెత్తినా ఫుట్‌బాల్ అనే పిలిచే ఆట ఒకటుంది. అందులో ఒక జట్టు గెలిచిందంటే దాని సహాయ శిక్షకులను పొరుగు జట్లు ఎగరేసుకుపోవడం, ఆ ఖాళీల్లోకి కొత్తవారు దిగడం ఏటా జరిగే తంతు.

మైదానంలో పాఠం చెప్పే సహాయకులు పదిమందే ఉండాలన్న నియమం ఇరుకనిపించి 2024లో ఆ హద్దును ఎత్తేశారు. 'కోఆర్డినేటర్', అనగా దాడికో రక్షణకో వ్యూహం పన్నే పెద్ద సహాయకుడి ఏటి జీతం కొన్నిచోట్ల 20 లక్షల డాలర్లు దాటుతుంది.

ఇటు మన అనంతపురంలో, 1969లో వచ్చిన ఫాదర్ ఫెర్రర్ నెలకొల్పిన ఆర్డీటీ సేవాసంస్థ మైదానాల్లో బంతిని కాలితోనే తన్నడం కొంత వెనుకబాటే కావచ్చు.

ఇక ఊరి బడిలో దాడి, రక్షణ, సున్నం గీతలు, ప్రార్థన గంట, పంక్చరైన బ్లాడరుకు సైకిలు షాపులో ప్యాచీ వేయించడం వరకు సకల కోఆర్డినేటర్ పదవులూ ఒక్క డ్రిల్లు మాస్టారివే. ఆయనను ఎగరేసుకుపోయేది పొరుగు జట్టు కాదు, ఎన్నికల డ్యూటీ.