మా రోజుల్లో రాత్రి ఉండేది

మా రోజుల్లో రాత్రి అనేది ఒకటి ఉండేది. తొమ్మిదింటికి మెస్సులో గిన్నెలు కడిగేసేవాళ్లు. పదకొండు దాటాక రేడియో కూడా ప్రసారం ముగించి పడుకునేది. ఆ తర్వాత హాస్టల్ వరండాలో వినబడేదల్లా సముద్రం హోరు, పరీక్షల రోజులైతే ఎవరో పైకి చదువుకుంటున్న గొంతు. 1978లో వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మే చదవడానికి చేరాను. మేలుకుని ఉందామన్నా అందుకు తగ్గ పని ఏదీ దొరికేది కాదు. మహా అయితే జగదాంబలో సెకండ్ షో. తెర మీద 'శుభం' పడేది, లైట్లు వెలిగేవి, కబుర్లాడుకుంటూ నడిచొచ్చి పక్క మీద వాలేవాళ్లం.

ఆ 'శుభం' విలువ నాకిప్పుడు తెలిసొస్తోంది. సినిమాకి, పుస్తకానికి, రేడియోకి దేనికైనా ఒక చివర ఉండేది. మా మనవడి చేతిలో ఉన్నదానికి చివర లేదు. వేలితో తోస్తుంటే ఒకదాని కింద ఇంకోటి, దాని కింద మరోటి వస్తూనే ఉంటాయి. ఇది దానంతటది పుట్టలేదు. ఆజా రాస్కిన్ అనే అమెరికా డిజైనర్ 2006లో ఈ అంతులేని స్క్రోల్‌ని తయారుచేశాడు. 'తర్వాతి పేజీ' అని మాటిమాటికీ నొక్కే శ్రమ తప్పిద్దామన్నది ఆలోచన. కానీ ఆ నొక్కే ముందు క్షణంలోనే కదా మనిషి 'ఇక చాల్లే' అనుకునేది! ఆ ఒక్క క్షణాన్నీ తీసేశారు. తర్వాత ఆయనే ఇలా చేసినందుకు బాధపడుతున్నానని బహిరంగంగా చెప్పుకున్నాడు. కంపెనీలు మాత్రం దాన్ని మానలేదు. పిల్లవాడు ఎంతసేపు చూస్తే వాళ్లకు అంత ఆదాయం మరి.

ఆ మనవడు మా అమ్మాయి కొడుకు, ఇంజనీరింగ్ రెండో ఏడు. హాజరు చాలడం లేదని కాలేజీ నుంచి ఉత్తరం వస్తే వాడి హాస్టల్‌కి నేనే వెళ్లాను. ఉదయం పదకొండు గంటలు. కిటికీకి దుప్పటి కట్టి ఉంది. ముగ్గురు కుర్రాళ్లు, మూడు మంచాలు, ముగ్గురి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు. మావాడు లేచి కూర్చుని నన్ను చూసి ఏడ్చాడు. మొహం పీక్కుపోయింది. తెల్లవారుజామున నాలుగింటికి పడుకుంటున్నాడట, మూడు నెలలుగా. "తాతయ్యా, నిద్ర పట్టక ఫోన్ చూస్తున్నానో, ఫోన్ చూడబట్టి నిద్ర పట్టట్లేదో నాకే తెలియట్లేదు" అన్నాడు.

ఆ మాటలో రోగమంతా ఉంది. పరీక్ష తప్పుతానన్న భయానికో, ఒంటరితనానికో ఫోన్ పట్టుకుంటాడు. నిద్ర పోతుంది. పొద్దున క్లాసు పోతుంది. క్లాసుకి వెళ్లలేదన్న సిగ్గుతో ఎవరికీ మొహం చూపించలేక మళ్లీ ఫోన్‌లోకే దూరతాడు. దిగులు నిద్రను తింటుంది, నిద్రలేమి దిగులును పెంచుతుంది. ఇంటర్నెట్ వ్యసనాన్ని కొలవడానికి కింబర్లీ యంగ్ అనే మానసిక శాస్త్రవేత్త 1998లోనే 20 ప్రశ్నల పరీక్ష తయారుచేసింది. రాత్రిళ్లు నెట్‌లో గడిపి నిద్ర పోగొట్టుకుంటున్నావా అన్నది అందులో ఒక ప్రశ్న. అప్పటికి స్మార్ట్‌ఫోన్లు లేవు, కంప్యూటర్ ముందుకు లేచి వెళ్లి కూర్చోవాలి. ఇప్పుడది దిండు కిందకి వచ్చింది.

మావాడి గదిలో మిగతా ఇద్దరినీ అడిగాను, మీరు గమనించలేదా బాబూ అని. గేమ్ ఆడుకుంటున్నాడనుకున్నాం అన్నారు. వాళ్లను తిట్టబుద్ధి కాలేదు. ఎనిమిది అడుగుల దూరంలో ముగ్గురూ మూడు ఊళ్లలో ఉన్నారు.

నేను హాస్టల్లో ఉండగా మా నాన్న చనిపోయిన ఏడాది అన్నం మానేశాను. రెండో రోజుకే నా రూమ్మేట్ పసిగట్టాడు. వాడిది శ్రీకాకుళం వైపు పల్లె. "ఏట్రా, నీ కంచం నిన్నట్నుంచీ కదల్లేదు" అన్నాడు. అంతే, మరేమీ అడగలేదు. బలవంతాన బీచికి లాక్కెళ్లి చీకటి పడేదాకా కూర్చోబెట్టాడు. మా అన్నయ్యకి కార్డు రాశాడు, నాకు చెప్పకుండా. నాలుగో రోజుకి అన్నయ్య హాస్టల్ గుమ్మంలో ఉన్నాడు. ఇందులో వైద్యం లేదు, కౌన్సెలింగ్ లేదు. చేయడానికి వేరే పనేదీ లేక నా మొహంకేసి చూసిన ఒక స్నేహితుడు ఉన్నాడు.

మా రోజులన్నీ బంగారం అనను. మతి చలించినవాణ్ణి భూతవైద్యుడి దగ్గరకి తీసుకెళ్లిన ఇళ్లు నాకు తెలుసు. ఏడాది మధ్యలో పెట్టె సర్దుకుని వెళ్లిపోయిన ఒక సహాధ్యాయి గురించి మేమెవరమూ మళ్లీ వాకబు చేయలేదు. అది ఇప్పటికీ నొప్పి.

తర్వాత నేను లెక్చరర్‌నయ్యాను. 2000 ప్రాంతంలో మా విద్యార్థులు నెట్ సెంటర్లకు ఎగబడేవారు. గంటకింత అని కట్టాలి, జేబు ఖాళీ అయితే లేవాలి. పదింటికి యజమాని షట్టర్ దించేవాడు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక ఆ షట్టర్ లేకుండా పోయింది.

పిల్లల్నే అనడం నాకు గిట్టదు. ఫోన్ చూడొద్దని క్లాసులో చెప్పే మాస్టార్లే రాత్రి పదకొండింటికి గ్రూపులో అసైన్‌మెంట్ పెడతారు. హాజరు యాప్‌లో, మార్కులు యాప్‌లో, చివరికి మెస్సు బిల్లూ యాప్‌లోనే. ఇంట్లో మనం చేసేదీ తక్కువేం కాదు. మా అమ్మాయి తన కొడుకుతో రోజూ వీడియో కాల్‌లో మాట్లాడింది. వాడి కళ్ల కింద నల్లని చారలు ఆ తెరలో కనబడలేదు.

మావాణ్ణి సైకియాట్రిస్టుకు చూపించాం. రోజూ ఒకే వేళకు లేవమన్నారు, పొద్దున ఎండలో నడవమన్నారు, ఫోన్‌ని పక్క గదిలో ఛార్జింగ్ పెట్టమన్నారు. దిగులుకి మందులూ ఇచ్చారు. ఆరు వారాలకు వాడి మొహంలో మళ్లీ మావాడు కనబడ్డాడు. ఇలాంటి తెర వ్యసనాలకు బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచే ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ వ్యసనాన్ని రోగాల పట్టికలోకి ఎక్కించింది. కాబట్టి ఇది సోమరితనమనీ, బలుపనీ అనేవాళ్లు ఆ మాట మానుకోవాలి.

వార్డెన్లకు ఒక్క మనవి. రాత్రి పన్నెండుకి వైఫై ఆపండి, అసైన్‌మెంట్లు సాయంత్రం ఆరులోపే పెట్టమని మాస్టార్లకు చెప్పండి. మెస్సుకి రెండు రోజులు రాని కుర్రాడి గది తలుపు తట్టండి. ప్రతి వరండాలోనూ 14416 అని పెద్ద అంకెలతో రాయించండి. అది టెలిమానస్ నంబరు, ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.