కంచె ముందు కాగితం

2023 నవంబర్ 30 తెలంగాణలో పోలింగ్ రోజు. మా స్టేషన్ ఘనపూర్ జనం ఓటరు స్లిప్పులు పట్టుకుని బూత్‌ల ముందు వరస కట్టే వేళకే నాగార్జునసాగర్ మీద యుద్ధం సగం ముగిసింది. అర్ధరాత్రి దాటాక ఆంధ్రప్రదేశ్ పోలీసులు వందల సంఖ్యలో డ్యాం మీదికి వచ్చారు. మొత్తం గేట్లు 26. పదమూడో గేటు దగ్గర ముళ్ల కంచె పరిచారు. ఏ సర్వేయర్నీ పిలవకుండానే డ్యాం సరిగ్గా సగమైంది. తెల్లారాక కుడి కాల్వకు నీళ్లు వదిలారు. తెలంగాణ పోలీసులేమో ఓటింగ్ యంత్రాల కావలిలో ఉన్నారు. ముహూర్తం పెట్టిన పంతులెవరో గానీ చెయ్యి తిరిగినవాడు.

రెండు పొరుగు రాష్ట్రాలు, తుపాకులున్న బలగాలు, నడుమ కంచె. ఇలాంటి రోజు కోసమే అన్నట్టు ఇద్దరికీ ఉమ్మడిగా ఒక పెద్దమనిషిని ముందే కూర్చోబెట్టారు. పేరు కృష్ణా నదీ యాజమాన్య బోర్డు. 2014 విభజన చట్టం 85వ సెక్షన్ కడుపున పుట్టింది. మరి ఆ రోజు పెద్దమనిషి ఏం చేశాడు? లేఖ రాశాడు. నీళ్లు ఆపండి అని ఆంధ్రప్రదేశ్‌కు రాశాడు. లేఖ చేరింది, చదివారు, ఫైల్లో పెట్టారు. కాల్వలో నీళ్లకు మాత్రం చదువు రాదు కాబట్టి పారుతూనే ఉన్నాయి.

మర్నాడు కేంద్ర హోం కార్యదర్శి అజయ్ భల్లా వీడియో కాన్ఫరెన్స్ పెట్టారు. నవంబర్ 28న ఎట్లా ఉందో అట్లాగే ఉండాలన్నారు, డ్యాం మీద సీఆర్పీఎఫ్‌ను దించాలన్నారు. లొల్లి చల్లారింది. నీళ్ల పంచాయితీ తీర్చింది నీళ్ల శాఖ కాదు, నీళ్ల బోర్డు అంతకన్నా కాదు, పోలీసుల శాఖ. ఇదేమీ మొదటిసారి కాదు. 2015 ఫిబ్రవరిలో ఇదే డ్యాం మీద ఇవే రెండు రాష్ట్రాల పోలీసులు తోసుకున్నారు. అప్పుడు గవర్నర్ నరసింహన్ ఇద్దరు ముఖ్యమంత్రులనూ రాజ్‌భవన్‌కు పిలిచి సర్దిచెప్పారు. అప్పటికి బోర్డుకు ఏడాది కూడా నిండలేదు, పసిగుడ్డు అని వదిలేద్దాం. 2023 నాటికి తొమ్మిదేళ్లు దాటాయి. మాటలు బాగానే వచ్చాయి, చేతులే ఇంకా మొలవలేదు.

పోలింగ్ అయిన మర్నాడు స్టేషన్ ఘనపూర్‌లో చాయ్ తాగుతూ ఒక ముసలి రైతు అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పలేక చచ్చాను.

“సారూ, ఆ బోర్డుకు పోలీసులు లేరా?”

“లేరు కాకా.”

“గేట్లు తిప్పే లష్కర్లు?”

“వాళ్లు రాష్ట్రాల మనుషులు.”

“పోనీ, గేటు తాళం చెవన్న ఉన్నదా?”

“లేదు.”

“మరేమున్నదే దానికాడ?”

“లెటర్‌ప్యాడ్ ఉన్నది కాకా.”

ఆయన గ్లాసు కింద పెట్టి, “గట్లయితే మంచిగనే పనిచేసింది పో” అన్నాడు. బోర్డు పనితీరు మీద ఇంతకు మించిన ఆడిట్ రిపోర్టు నేను చూడలేదు.

ఇది మన తెలుగువాళ్లకే పట్టిన దరిద్రం అనుకుంటే పొరపాటు. ఇదే నమూనా పెద్ద సైజులో కాట్మండులో ఉంది. దాని పేరు సార్క్. 1985 డిసెంబర్‌లో ఢాకాలో పుట్టింది. దాని చార్టర్ పదో అధికరణంలో రెండు ముచ్చటైన నియమాలున్నాయి. ఒకటి, ఏ నిర్ణయమైనా అందరూ ఒప్పుకోవాలి. రెండు, ఇద్దరి మధ్య తగాదాలు, వివాదాలు చర్చకు రాకూడదు. అంటే కొట్టుకునేవాళ్లు ఇద్దరూ సభ్యులే, కొట్లాట మాత్రం అజెండాలో ఉండదు. చివరి శిఖరాగ్ర సభ 2014 నవంబర్‌లో జరిగింది. తర్వాతిది 2016లో ఇస్లామాబాద్‌లో జరగాల్సింది, ఉడీ దాడి తర్వాత ఆగిపోయింది. దక్షిణాసియా దేశాలకు కానుకగా మన శ్రీహరికోట నుంచి 2017 మే 5న ఒక ఉపగ్రహం కూడా ఎగిరింది. మొదట అనుకున్న పేరు సార్క్ ఉపగ్రహం. పాకిస్తాన్ నాకొద్దంది, పేరు మారింది. ఆకాశంలోకి పంపినా అక్కడా వాటాల తగాదా తప్పలేదు.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపారు. మర్నాడే సార్క్ పేరు టీవీల్లో మార్మోగింది. శాంతి కోసం కాదు, సార్క్ వీసా మినహాయింపు పథకం కింద వచ్చిన పాకిస్తానీలు 48 గంటల్లో వెళ్లిపోవాలని మన ప్రభుత్వం చెప్పింది కాబట్టి. ఆ మర్నాడు పాకిస్తాన్ కూడా మనవాళ్లకు అదే పథకం కింద వీసాలు ఆపేసింది. భారత్, పాకిస్తాన్ ఒకే వారంలో, ఒకే తీరున, పోటీ పడి అమలు చేసిన సార్క్ కార్యక్రమం చరిత్రలో ఇదొక్కటే అయి ఉంటుంది. మే 7 నుంచి క్షిపణులు, డ్రోన్లు. మే 10న ఆగాయి. ఆపింది నేనే అన్నాడు ట్రంప్. కాదు, రెండు సైన్యాల అధికారులు ఫోన్లో మాట్లాడుకున్నారంది ఢిల్లీ. ఎవరి మాట నమ్మినా సరే, కథలో కాట్మండు కనిపించదు.

ఆగ్నేయాసియా వాళ్లు మనకన్నా నయం. 2025 జులై 24న థాయిలాండ్, కాంబోడియా కొట్టుకోవడం మొదలుపెడితే, ఆసియాన్ అధ్యక్ష స్థానంలో ఉన్న మలేషియా ప్రధాని అన్వర్ ఇబ్రహీం జులై 28న ఇద్దరినీ తన బల్ల దగ్గరికి రప్పించాడు. బల్ల మలేషియాది, సుంకాల బెత్తం వాషింగ్టన్‌ది. అక్టోబర్‌లో కౌలాలంపూర్‌లో ఘనంగా సంతకాలు పెట్టారు, డిసెంబర్‌లో మళ్లీ కాల్చుకున్నారు. అయినా మెచ్చుకోవాలి. కనీసం బల్ల అంటూ ఒకటి వేశారు. మనకు విభజన చట్టమే ఒక బల్ల చేసి ఇచ్చింది. కేంద్ర జలశక్తి మంత్రి అధ్యక్షుడుగా, ఇద్దరు ముఖ్యమంత్రులు సభ్యులుగా అపెక్స్ కౌన్సిల్. సాగర్ మీద కంచె పడేదాకా అది సమావేశమైంది రెండే సార్లు, 2016 సెప్టెంబర్‌లో, 2020 అక్టోబర్‌లో. దుమ్ము దులిపే పని లేకుండా బల్లను ఎట్లా కాపాడుకోవాలో మన దగ్గర నేర్చుకోవాలి.

ఇక్కడ అందరూ చేసే తప్పుడు విమర్శ ఒకటుంది. బోర్డు చేతకానిది, సార్క్ దండగ అని. అయ్యా, చేతకానిది కాదు, చేతులు రానివ్వలేదు. ఎవరు రానివ్వలేదో తారీకులతో సహా చెప్పొచ్చు.

2021 జులై 15న కేంద్రం గెజిట్ ఇచ్చింది. ప్రాజెక్టులు కృష్ణా, గోదావరి బోర్డుల పరిధిలోకి రావాలి, అక్టోబర్ 14 నుంచి అమలు. ఒక్కో బోర్డు ఖాతాలో ఒక్కో రాష్ట్రం 200 కోట్లు 60 రోజుల్లో జమ చేయాలి. 60 రోజులు పోయాయి, 200 కోట్లు రాలేదు. అక్టోబర్ 14 వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అప్పగిస్తూ ఉత్తర్వు ఇచ్చింది, చివర ఒక చిన్న షరతు పెట్టింది: తెలంగాణ అప్పగించినప్పుడే ఇది చెల్లుతుంది. తెలంగాణ అధ్యయనానికి ఒక కమిటీ వేసింది. పని చేయకూడదని గట్టిగా నిర్ణయించుకున్న సర్కారుకు కమిటీ అంత నమ్మకమైన సేవకుడు మరొకడు దొరకడు.

సాగర్ మీద కంచె పడ్డాకైనా బుద్ధి వచ్చిందా అంటే, వచ్చింది. 2024 ఫిబ్రవరి 12న తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది, ప్రాజెక్టులు బోర్డుకు అప్పగించం అని. అధికార పక్షం, ప్రధాన ప్రతిపక్షం ఆ రోజు ఒకరినొకరు తిట్టుకున్నది ఒకే విషయం మీద: అప్పగించే పాపం మీది, కాదు మీది. మర్నాడు నల్లగొండలో ఇదే మాట మీద బహిరంగ సభ. బోర్డును ముట్టుకోవడమే మైల అని రెండు పార్టీలూ ఒప్పుకున్నాయి, ముట్టుకున్నదెవరన్నదే తగువు.

మన వాదనలో న్యాయం లేదనడం లేదు. ఉమ్మడి రాష్ట్రానికి వచ్చిన 811 టీఎంసీల్లో మనకు 299, వాళ్లకు 512 అని 2015లో తాత్కాలికంగా చేసుకున్న ఏర్పాటు ఇంకా నెత్తిన కూర్చునే ఉంది. 2004లో ఏర్పడ్డ బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ ఇప్పటికీ వాదనలు వింటూనే ఉంది. వాటా తేలకుండా తాళం ఇస్తే ఆ తాత్కాలికమే శాశ్వతమవుతుందన్న భయం ఉత్త భయం కాదు. మంచిది, ఇవ్వకండి. కానీ తాళం ఇవ్వనివాడు, గేటు ఎందుకు మూయలేదని గొంతు చించుకోకూడదు. రెండు గట్ల మీదా ఇప్పుడు జరుగుతున్నది అదే.

ఇక బోర్డుకు ఇల్లు. చట్టం ప్రకారం కృష్ణా బోర్డు ఆంధ్రప్రదేశ్‌లో ఉండాలి. 2020 అక్టోబర్‌లో తరలించడానికి ఒప్పుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ఏ ఊరు చూపించింది? విశాఖపట్నం. కృష్ణా నది పుట్టి బుద్ధెరిగాక విశాఖ మొహం చూసింది లేదు. 2025 జులై 16న ఢిల్లీలో కూర్చుని మళ్లీ ఒప్పుకున్నారు, ఈసారి అమరావతికి. ఆ కూర్చోవడంలోనే టెలిమెట్రీ యంత్రాలు పెట్టడానికి కూడా ఒప్పుకున్నారు. అంటే ఎవరు ఎన్ని నీళ్లు తోడుతున్నారో ఇద్దరూ నమ్మే లెక్క ఒకటి ఉండాలని ఒప్పుకోవడానికి పదకొండేళ్లు పట్టింది.

మా దిక్కు చెరువు కింద పొలాలున్న ఊళ్లలో నీరటి ఉండేవాడు. చదువు లేదు, లెటర్‌ప్యాడ్ లేదు. చేతిలో పార ఉండేది, తూము అతని వశంలో ఉండేది. ఎవడన్నా రాత్రిపూట కాల్వకు గండి కొడితే నీరటి తెల్లారి వినతిపత్రం పట్టుకుపోడు. మట్టి లాగి గండి పూడ్చేవాడు. గండి కొట్టింది పటేల్ అయితే కొంచెం మెల్లగా పూడ్చేవాడేమో, అయినా పూడ్చేవాడు. పంట చేతికొచ్చినంక కళ్లంలోనే అతని వాటా వడ్లు కొలిచేవాళ్లు. ఎగువ మడి రైతూ కొలిచేవాడు, దిగువ మడి రైతూ కొలిచేవాడు, ఎందుకంటే రేపు తన మడి ఎండితే పార పట్టుకుని వచ్చేది అతనే. నదీ యాజమాన్యం అంటే ఈ మూడే: పార, తూము, వడ్లు. ఈ మూడూ గుంజుకుని మెళ్లో చైర్మన్ బిళ్ల వేసి నిలబెట్టినవాణ్ణి చూసి, వీడేం నీరటి అని ఈసడించుకోవడం మన రెండు సర్కార్ల దర్జా.

ఘనపూర్‌కు కృష్ణతో ఏం పని అని అడిగేవాళ్లున్నారు. నిజమే, మా రిజర్వాయర్‌లోకి వచ్చేది గోదావరి. గంగారం దగ్గర దేవాదుల మోటార్లు తోడి, ధర్మసాగర్ దాకా ఎక్కించి, అక్కడి నుంచి మా దాకా పంపితే వస్తుంది. కానీ గోదావరికీ ఒక బోర్డుంది. అదే చట్టం, అదే సెక్షన్, అదే గెజిట్, అవే 200 కోట్లు, అదే లెటర్‌ప్యాడ్. 2025లో పోలవరం నుంచి బనకచర్లకు 200 టీఎంసీల గోదావరి మళ్లిస్తామని ఆంధ్రప్రదేశ్ అంటే, ఒక్క చుక్క పోనివ్వమని తెలంగాణ అంది. కేంద్ర నిపుణుల కమిటీ ఆ ప్రతిపాదనను జూన్ 30న వెనక్కి పంపింది కాబట్టి అప్పటికి మాటలతో సరిపోయింది. ఇంకో ఎన్నికల రాత్రి, ఇంకో గట్టు మీద ముళ్ల తీగ చుట్టలు దిగితే గోదావరి బోర్డు ఏం చేస్తుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. ఉదయం తొమ్మిదికి టైపిస్టు వస్తాడు, పదికి లేఖ సిద్ధం.

ఆ రోజు హైదరాబాద్‌లోనూ అమరావతిలోనూ మైకుల ముందు నిలబడి, బోర్డు నిద్రపోతోందా అని గర్జించే నాయకులు తప్పక ఉంటారు. గర్జించండి, వద్దనడం లేదు. మైకు పట్టుకునే ముందు ఆ 200 కోట్లు కట్టిన రసీదు మాత్రం జేబులోంచి తీసి చూపించండి.