సోమరులకొక వ్యాయామశాల

దేశములో సగము మంది వయోజనులు సోమరులని 2024 జూన్ చివర పత్రికలు కొన్ని ముక్తకంఠమున తీర్పు చెప్పినవి. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అను వైద్యపత్రికలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు ప్రకటించిన లెక్కలను పాఠకులు కాఫీతోపాటు ఇదివరకే సేవించియుందురు గనుక వానిని విస్తరింపను: చాలినంత శరీరశ్రమ లేనివారు 2000లో నూటికి 22.3 కాగా 2022 నాటికి 49.4 అయిరట, ధోరణి ఇట్లే సాగినచో 2030లో 60కి చేరుదురట. వారమునకు 150 నిమిషములు ఒక మోస్తరుగానైనను ఒడలు వంచనివాడు ఈ గణనలో నిశ్చలుడు. పరిశోధకులు ఎవ్వరిని దూషింపలేదు. దూషణ శీర్షికలు కట్టినవారిది.

అయినను పరిశోధకులయందును ఒక మహాలోపము కలదు. పనిలో ఎంత శ్రమింతువు, రాకపోకలలో ఎంత నడతువు, తీరికవేళ ఎంత ఆడుదువు అని మూడు తీరుల ప్రశ్నించిరే గాని, "అయ్యా, మీ కాగితమేదైనను ప్రభుత్వ కార్యాలయమున పెండింగులో నున్నదా?" అను నాలుగవ ప్రశ్న వారికి స్ఫురింపలేదు. స్ఫురించియుండినచో, తండ్రి పోయిన పిమ్మట పొలమును తన పేర మార్పించుకొనుటకై తహశీల్దారు కార్యాలయమునకును, సర్వేయరు ఇంటికిని, మీసేవా కేంద్రమునకును, మరల తహశీల్దారు కార్యాలయమునకును చెప్పులరుగునట్లు తిరుగుచున్న రైతు ఒక్కడే తన మండలమున కంతకును వలసిన నిమిషములను సంపాదించుచుండుట వారికి గోచరించియుండెడిది. కోడి రామమూర్తి నాయుడుగారు గుండెపై ఏనుగును నిలిపిరని నేటికిని చెప్పుకొందుము. పట్టాదారు పాసుపుస్తకమునకై వారు తిరిగినట్లు మాత్రము ఎవ్వరును చెప్పరు.

ఈ విషయమున మన పాలకుల శాస్త్రజ్ఞానమును ఎవ్వరును గుర్తింపకుండుట విచారకరము. నేడు జిమ్ములలో వేలు పోసి ఎక్కుచున్న ట్రెడ్‌మిల్లు మొదట ఆరోగ్యసాధనము కాదు. 1818లో ఇంగ్లండున విలియం క్యూబిట్ అను ఇంజనీరు ఖైదీలకు పని కల్పించుటకై నిర్మించిన మెట్ల చక్రము. ఎంతసేపు ఎక్కినను ఎక్కినవాడు ఉన్నచోటనే ఉండుట దాని విశేషము. ఆ చక్రము క్రూరమని ఇంగ్లండువారు కాలక్రమమున విడిచిపెట్టగా, ఇనుము గాని విద్యుత్తు గాని అక్కరలేకుండ, ఒక బల్ల, ఒక ఖాళీ కుర్చీ, ఆ కుర్చీ వీపున వ్రేలాడు ఒక తువ్వాలు, ఇంతమాత్రపు పరికరములతో అదే ఫలమును సాధించిన ఘనత మనది.

గుండెజబ్బుల వైద్యులు చేయించు టీఎంటీ పరీక్షలో రాబర్ట్ బ్రూస్ పద్ధతి ననుసరించి మూడేసి నిమిషములకొకమారు నడకయంత్రపు వేగమును, ఏటవాలును పెంచుదురు. మన దరఖాస్తు జూనియర్ అసిస్టెంటు నుండి సూపరింటెండెంటుకును, అతని నుండి అధికారికిని పోవుకొలది ఏటవాలు తనంతట తానే పెరుగును, రేటును పెరుగును. శ్రమకు శ్రమకు నడుమ విశ్రాంతి యుండవలెనని క్రీడావైద్యులందురు. "సారు మీటింగులో ఉన్నారు" అనుట ఆ విశ్రాంతియే. భారమును కొద్దికొద్దిగా పెంచవలెనందురు. "ఇంకొక జిరాక్సు తెండి" అనుట ఆ భారమే. ఇక మెట్ల మాట. లండను నగరపు రెండంతస్తుల బస్సులలో కూర్చుండి నడుపు డ్రైవర్లకంటె దినమంతయు మెట్లెక్కి దిగు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని జెరెమీ మోరిస్ అను పరిశోధకుడు 1953లో లోకమునకు చాటెను. ఆ సత్యమును గ్రహించియే కాబోలు మన కార్యాలయములలో లిఫ్టు తలుపునకు "పనిచేయదు" అను పలక శాశ్వతముగా వ్రేలాడుచుండును. (పలక మాత్రము ఎన్నడును పాడుకాదు.)

కావున నా మనవి యేమన, ప్రతి ప్రభుత్వ కార్యాలయమును వ్యాయామశాలగా ప్రకటించి, జాప్యమును చికిత్సగా గుర్తించి, తిరుగుడుకు ఇన్ని నిమిషములని రసీదు ఇయ్యవలెను. "రేపు రండి" అనిన గుమాస్తాకు క్రీడావైద్యమున గౌరవ పట్టము నొసగి, అడిగిననాడే పని చేసిపెట్టు అరుదైన ఉద్యోగికి ప్రజారోగ్యమునకు భంగము కలిగించినందులకు మెమో జారీ చేయవలెను. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్సున 20 కిలోమీటర్ల నడకపందెము జరిగినది గదా. రెండు పాదములను ఏకకాలమున నేల నుండి ఎత్తరాదను దాని నియమము, క్యూలో చోటు పోవునేమోయని పాదమే కదల్పని మనవారికి పుట్టుకతో వచ్చిన విద్య. పింఛనుదారులకు ప్రత్యేక విభాగముండవలెను. తాను బ్రతికియున్నట్లు ఏటేటా ఋజువు చేసికొనవలసిన ఎనుబదియేండ్ల వృద్ధుడు మూడవ అంతస్తు ఎక్కి వచ్చెనా, బ్రతికియున్నట్లే. అరిగిన వేలిముద్ర యంత్రమున పడకున్నను ఆయాసమునే సాక్ష్యముగా స్వీకరింపవచ్చును. ఎక్కలేక నడుమనే కూలెనా, ఖజానాకు ఆదా.

ఆ లాన్సెట్ లెక్కలలోనే ఇంకొక అంకె యున్నది. శీర్షికలు కట్టినవారు దానిని దాటిపోయిరి. శ్రమ చాలనివారు పురుషులలో నూటికి 42 కాగా స్త్రీలలో 57. ఆమె సోమరియా? తెల్లవారుజామున నడువబోవు స్త్రీ మెడలోని గొలుసును ఇంటనే తీసిపెట్టి పోవలసిన వీధిని చూచి, పొద్దుగూకినంతనే చీకటిగుయ్యారమగు పార్కును చూచి, ఆటస్థలమన్నది లేకయే అద్దె మేడలో నడచుచున్న పాఠశాలను చూచి, అందు పదియేండ్లు బల్లకు అతుక్కొని చదివి బయటపడిన పిల్లను చూచి, నీవు బద్ధకస్తురాలవని చెప్పుటకు సిగ్గుండవలెను. లేఅవుటులో పార్కునకని విడిచిన స్థలము ఎవరి కబ్జాలో నున్నదో మునిసిపాలిటీకి తెలియదా? నడువుడు, నడువుడని మనకు బోధింతురు. ఏ సంవత్సరమున మనము నడచుట లేదని ఈ పరిశోధన తేల్చెనో, ఆ 2022లోనే ఈ దేశపు రోడ్లపై కాలినడకన పోవుచు 32,825 మంది చనిపోయిరని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ తానే అచ్చువేసినది. వారు కదలక కూర్చుండి చనిపోలేదు. నడచి చనిపోయిరి. వారిలో ఒక్కనికైనను మొదటి పుటలో శీర్షిక లేదు.

సగము దేశమును సోమరియని వ్రాసిన పెద్దమనుషులు ఒక సాయంకాలము ఆరు గంటలవేళ ఆలుబిడ్డలను వెంటబెట్టుకొని హైదరాబాదులోని అమీర్‌పేట నుండి పంజాగుట్ట వరకు నడచి రావలెను. కాలిబాట మీదనే నడువవలెను; అది యెక్కడ నున్నదో కనుగొనుట మాత్రము వారి పూచీ.