ఓపీటీ బాపు

కరీంనగర్‌లో ఏ గల్లీకి పోయినా ఒక ఓపీటీ బాపు తగులుతాడు. కొడుకు ప్రభుత్వమిచ్చే అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి మీద అమెరికాలో ఎమ్మెస్ చేశాడు. ఆ సంగతి మనం అడగక్కర్లేదు, ఆయనే చెబుతాడు.

ఈయన హోదాలు రెండు. ఆదాయ సర్టిఫికెట్ కోసం తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగినన్నాళ్లూ కడు పేదవాడు. అది నిజమే అనుకోండి. పెళ్లిళ్ల పేరయ్య ఎదురైతే మాత్రం లెక్కంతా డాలర్లలోనే.

విద్యానిధి 20 లక్షలు రెండు విడతలుగా వస్తుంది. అమెరికాలో దిగినట్టు ఐ-94 కాగితం చూపితే మొదటి సగం, సెమిస్టర్ మార్కులు చూపితే రెండోది. పదో తరగతి తర్వాత కొడుకు మార్కులు ఎన్నడూ అడగని బాపు, జీపీఏ అంటే ఏమిటో ఆఫీసు వరండాలో నేర్చుకున్నాడు. "బడ్జెట్ రాలే" అన్న జవాబు వింటూనే మిత్తికి తెచ్చి ఫీజు కట్టాడు.

"మీవోడు ఏం జేస్తుండు?"

"ఓపీటీల ఉన్నడు."

అడిగినవాడు అదేదో టీసీఎస్ లాంటి కంపెనీ అనుకుంటాడు. బాపు కాదనడు. చదువయ్యాక ఏడాది పనిచేసుకోనిచ్చే అనుమతి అని విప్పి చెబితే "మరి పని దొరికిందా?" అంటారు కదా! స్టెమ్ కోర్సని ఇంకో 24 నెలలు పొడిగిస్తే గల్లీ అంతా ప్రమోషన్ అనుకుంది. ఆ తర్వాత హెచ్1బీ వీసా లాటరీ. ఏటా ఇచ్చేవి 65,000, అక్కడ పీజీ చేసినవాళ్లకు మరో 20,000. బాపు వేములవాడ రాజన్నకు కోడె మొక్కుకున్నాడు.

"బరోడా మహారాజు పైసలియ్యకుంటే అంబేడ్కర్ 1913ల కొలంబియాకు పోతుండెనా?" అంటాడు. మంచి మాటే. షరతు ప్రకారం కొలువు చేయడానికి 1917లో బరోడా వస్తే, తలదాచుకున్న పార్సీ సత్రం నుంచి ఆయన్ని కర్రలతో వెళ్లగొట్టారు. ఆ ముక్క బాపు చెప్పడు. వాపసొచ్చిన కథలు ఆయనకు గిట్టవు.

ఎందరిని పంపామో ప్రభుత్వాలు సభల్లో గొప్పగా చెప్పుకుంటాయి. పోయినవాళ్లు ఏమయ్యారన్న లెక్క మాత్రం ఇలాంటి బాపులే అరుగుల మీద కూర్చుని కడుతున్నారు.

లాటరీ ఫలితం మార్చి నెలాఖరుకు తెలుస్తుంది. ఆ వారం ఆయన ఎదురైతే ఎండల గురించి మాట్లాడండి.